పదకొండో అడుగు

గోడను చూడటానికి వచ్చిన డిటెక్టివ్ పర్వతాలు, ముందు ఆ గోడకు వీపు తిప్పి నిలబడ్డాడు. అందరూ చూసినదాన్ని చివరికి మిగుల్చుకోవడం అతని అలవాటు.

బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. నాలుగింటికి సుమన్‌ను హత్యాయత్నం కేసులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ల ఆ కుర్రవాడి మాట వినాలన్న తొందర ఎవరికీ ఉండదు. చేతిలో ఉన్నది రెండు గంటలా యాభై నిమిషాలు. అది చాలుననిపించింది పర్వతాలుకు. డిటెక్టివ్ కాకముందు అతను సర్వే శాఖలో భూములు కొలిచేవాడు. ఒక్క గోడను కొలవడానికి అంతకంటే ఎక్కువ సమయం అడగడం తన పాత వృత్తికి అవమానం.

కోదాడలో మొదటి అంతస్తులోని ఈ గది, వచ్చే వారం తెరవాల్సిన బ్యూటీ పార్లర్. యజమాని వసంత. సోమవారం సాయంత్రం అయిదూ పదికి ఆమె ఇదే నేల మీద తల వెనక దెబ్బతో పడి ఉంది. పక్కనే రక్తం అంటిన అల్యూమినియం పట్టీ, ఆరడుగులది. కాగితాన్ని తిన్నగా కోయడానికి వాడే ఆ పట్టీ, వాల్‌పేపర్ అంటించే సుమన్‌ది. వసంత ప్రాణంతో బయటపడింది గాని, సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ఇప్పటికీ స్పృహ లేకుండా ఉంది.

సుమన్ చెప్పింది ఇది. ఆదివారం గోడ గుంటలకు పుట్టీ పెట్టాడు. సోమవారం ఎనిమిదిన్నరకు వచ్చి గరుకు కాగితంతో రుద్ది, తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, ప్రైమర్ పూశాడు. రేపటి దాకా ముట్టుకోవద్దని వసంతతో చెప్పి, పదకొండున్నరకు వెళ్లిపోయాడు. అల్యూమినియం పట్టీ, బకెట్టు మర్నాటి కోసం అక్కడే వదిలాడు. మిర్యాలగూడలో మరొక ఇల్లు కొలిచి, హుజూర్‌నగర్ దగ్గరి తండాలో ఉన్న ఇంటికి చేరి నిద్రపోయాడు.

పోలీసులు వచ్చేసరికి మాత్రం గోడ నిండా వాల్‌పేపర్ ఉంది. సన్నని నిలువు చారలవి, పైనుంచి కిందికి అయిదు కాగితపు పట్టీలు.

నిన్న సుమన్ తల్లి జమ్లీ పర్వతాలు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒకే మాట చెప్పింది. "మా పిలగాడు అంటించలే సారూ. వానికి ఆరని గోడ అంటేనే అసయ్యం." నిద్రపోయిన కొడుక్కి ఆమె ఒక్కతే సాక్షి. తల్లి సాక్ష్యాన్ని ఎవరూ కాగితం మీదికి ఎక్కించలేదు.

"సార్, మంచినీళ్లు తాగుతారా?"

తలుపు దగ్గర తాళాల గుత్తి పట్టుకుని సరిత నిలబడి ఉంది. వసంత స్నేహితురాలు, పార్లర్‌లో భాగస్వామి. సోమవారం సాయంత్రం పడి ఉన్న వసంతను మొదట చూసిందీ, ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తిందీ ఈమే. రెండు రాత్రుల నిద్రలేమి ఆమె కళ్లకింద నల్లగా మిగిలి ఉంది.

"వద్దమ్మా. కింద ఉన్న స్కూటీ నీదేనా? సీటు కవరు మంచిగున్నది."

ఆ పరిస్థితిలోనూ ఆమె ముఖం కాస్త విచ్చుకుంది. "మిగిలిన బ్లౌజు ముక్కలతో నేనే కుట్టానండీ. ఏదీ పారెయ్యబుద్ధి కాదు నాకు."

"సోమవారం నువ్వు ఎక్కడున్నవ్?"

"పన్నెండింటికి హుజూర్‌నగర్ వెళ్లానండీ, ఓపెనింగ్ కార్డులు పంచడానికి. తిరిగొచ్చేసరికి అయిదూ పది. తలుపు దగ్గరకి వేసుంది. నెట్టి చూస్తే..."

"మధ్యల వసంతకు ఫోన్ చేసినవా?"

"రెండుసార్లు చేశానండీ. మోగింది గాని ఎత్తలేదు. పనిలో ఉందేమో అనుకున్నా."

"ఆ ఫోన్ దొరకలేదు గదా?"

"వాడే తీసుకెళ్లుంటాడు." ఆమె గొంతు గట్టిపడింది. "ఎంత నెమ్మదిగా ఉండేవాడండీ! పక్క గది గోడ అంటించినప్పుడు రెండు రోజులూ పక్కనే నిలబడి చూశా. నాకూ నేర్పవయ్యా అంటే నవ్వేవాడు."

పర్వతాలు కిటికీ గట్టు మీది కార్డును తీసి చూశాడు. కింద ఇద్దరి పేర్లు ఉన్నాయి, వసంత, సరిత. మూలన గోడకు ఆనించిన కొత్త బోర్డు మీద కవరు సగం ఊడి ఉంది. దాని మీద వసంత పేరొక్కటే ఉంది.

"బోర్డు మీద నీ పేరు లేదేంది?"

"ఒక్క పేరైతే కలిసొస్తుందని ఎవరో చెప్పారంట. నాకేం పట్టింపు లేదండీ." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అది లేచి కూర్చుంటే చాలు నాకు."

ఏడ్చేవాళ్ల ముందు పర్వతాలు ఎప్పుడూ కొంచెం తొందరపడతాడు. ఇప్పుడూ అంతే జరిగింది.

"ఏడవకమ్మా. పొద్దున డాక్టరుతోని మాట్లాడిన. వేళ్లు కదిలిస్తున్నదట. సాయంత్రానికి మాట రావచ్చు అన్నడు. కొట్టినోని పేరు ఆమెనే చెప్తది."

సరిత కొంగు దించింది. "నిజంగానా అండీ?" అంది. తాళాల గుత్తిని కిటికీ గట్టు మీద పెట్టింది. "అయితే నేను వెళ్లాలండీ. పొద్దట్నుంచి వసంత వాళ్ళత్తగారు ఒక్కతే ఉంది అక్కడ. పాపం, ఆమె ఇంకా అన్నం కూడా తినలేదు. తాళాలు మీ దగ్గరే ఉంచండి."

మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు దిగిపోయింది. స్కూటీ కదిలింది. ఒంటిగంటా ముప్ఫై అయిదు. మంచి మనిషి అనుకున్నాడు పర్వతాలు. అనుకుని, గోడ వైపు తిరిగాడు.

అదే సమయానికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

"సర్వేయర్ సాబ్! గోడలకు గూడ పట్టాలు ఇస్తున్నరా ఇప్పుడు?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజేందర్. నలభై దాటలేదు. చురుకైనవాడు, తన చురుకు తనకు తెలిసినవాడు. ఏడాది క్రితం అతను రాసిన చార్జిషీటు ఒకటి పర్వతాలు చూపించిన ఒక్క రసీదుతో కోర్టులో కూలిపోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తరు, ఇద్దరికీ ఎప్పుడూ గుర్తుంటుంది.

"పట్టా ఎవరి పేరున ఉన్నదో చూస్తున్న సీఐ సాబ్. మీరు తొందరపడి వేరేవాని పేరు ఎక్కించిన్రేమోనని."

"అయ్యో, ఏం చూస్తరు? కథ గింతే." రాజేందర్ వేళ్లు మడిచాడు. "అల్యూమినియం పట్టీ వానిది. దాని మీద వేలిముద్రలు వానియి. ఒంటిగంట పావుకు మిర్యాలగూడల బయల్దేరిండు, బండి మీద రెండున్నరకల్లా ఈడ ఉండొచ్చు. వసంత ఫోను నాలుగూ పది దాక ఆన్‌ల ఉన్నది, నాలుగూ పదికి బంద్. ఆమె మెడల గొలుసు లేదు. ఇగ గోడ సూడున్రి. ప్రైమర్ ఏసి పోయిన అంటడు. మరి గీ కాయితం ఎవరు అంటించిన్రు? మనిషిని కొట్టి, నిదానంగ నిలబడి గోడకు వాల్‌పేపర్ అంటించే దొంగను నా సర్వీసుల సూడలే."

"నేనూ సూడలే. అందుకే వచ్చిన."

పర్వతాలు మోకాళ్ల మీద కూర్చుని, గోడ కింది మూలన కాగితం అంచును గోటితో లేపి లాగాడు. వెనక జిగురుండే స్టిక్కర్ వాల్‌పేపర్ అది. మెత్తగా ఊడి వచ్చింది. దాని వీపుకు అంటుకుని తెల్లటి ప్రైమర్ కూడా పొరలా లేచి వచ్చింది. కింద పుట్టీ బయటపడింది.

"చూసిన్రా? గోడ ఆరకముందే అంటించిన్రు. సుమన్ అయితే రాత్రంతా ఆరనిస్తడు. పొద్దున చేత్తో నిమిరి చూస్తడు, పొడి అంటొద్దు. టేపు ముక్క అతికించి లాగి చూస్తడు, దాని వెంట ఏం రావొద్దు. అప్పుడు గాని రోల్ విప్పడు. పక్క గది గోడ అట్లనే చేసిండు. పోయి గోరు పెట్టి చూడున్రి, అంగుళం లేవదు."

"తొందరల ఉన్నోడు ఆరేదాక కూసుంటడా?"

"ఆ మాట ఒప్పుకుంటున్న. ఇది సగమే. మిగిలిన సగం ఆడ రాసి ఉన్నది." స్విచ్‌బోర్డు కింద పక్క గోడ మీద పెన్సిల్ రాత చూపించాడు. మూడంకెలు, అడుగులూ అంగుళాలూ: ఎడమ 11, నడుమ 10-11, కుడి 11. గోడ ఎక్కడా సమంగా ఉండదని తెలిసినవాడు మూడుచోట్ల ఎత్తు తీసుకుంటాడు, వాటిలో పెద్దదాన్ని పట్టుకుంటాడు. వెడల్పుకు సుమన్ టేపు పట్టడు. రోల్‌నే గోడకు ఆనించి, పైకప్పు కింద చిన్న గీతలు పెడతాడు. అక్కడ అయిదు పట్టీలకు గుర్తులు ఉన్నాయి.

"పంచనామాల రాసినమయ్యా అది గూడ. మా కొలత ప్రకారం గోడ పదడుగులు. వాడు పదకొండు రాసుకున్నడు. తండా పిలగాడు, లెక్క తప్పిండు. దానికేమైతది?"

"తండా పిలగాడన్నది నిజం. లెక్క తప్పిండన్నది మీ అంచనా. వాడు పాలిటెక్నిక్ పాసైండు సాబ్."

పర్వతాలు జేబులోంచి రెండు కాగితాలు తీశాడు, ఒక చీటీ, ఒక గోడ మీది అంకె ఎత్తి రాసుకున్న కాగితం. ఉదయం ఎనిమిదింటికి అతను మిర్యాలగూడలో మరియమ్మ ఇంట్లో ఉన్నాడు. మరియమ్మ నర్సు. సోమవారం సుమన్ కొలిచింది ఆమె ముందు గదినే. ఆమె గోడ మీద పెన్సిల్‌తో 10-9 అని ఉంది. అదే గోడకు ఆమె చేతికి అతను ఇచ్చిన చీటీలో 9-9 అని ఉంది. పర్వతాలు తన టేపుతో కొలిస్తే తొమ్మిదడుగుల తొమ్మిది అంగుళాలే వచ్చింది. రెండు ఊళ్లు, రెండు గోడలు, రెంటి మీదా ఒకే ఒక్క అడుగు ఎక్కువ.

ఒకసారి జరిగితే తప్పు. రెండుసార్లు ఒకేలా జరిగితే అది అలవాటు.

"స్టేషన్‌కు ఫోన్ చేయున్రి. సుమన్ సంచిల సీజు చేసిన టేపు బయటికి తీసి, మొదటి అంకె చదవమనున్రి."

"ఏం తమాషా ఇది?"

"అర నిమిషం తమాషా. నేను తప్పైతే ఈ కేసుల మళ్లా మీకు కనబడ."

ఆ బేరం రాజేందర్‌కు నచ్చింది. ఫోను స్పీకర్‌లో పెట్టాడు. అవతల కానిస్టేబుల్ కవరు చింపిన చప్పుడు, టేపు చప్పుడు.

"సార్... పదమూడు సార్."

"కొస కాడినుంచి సూడవయ్యా! ఒకటి కాడినుంచి!"

"ఒకటి లేదు సార్. టేపు తెగిపోయుంది. పన్నెండంగుళాల దాక లేనే లేదు. కొసకు బట్ట పేలిక చుట్టిండు సార్."

రాజేందర్ ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.

"అడుగు తెగిపోయిన టేపు పెట్టుకొని ఎవడన్న పని చేస్తడా?" రాజేందర్ గొంతులో ఇంకా పట్టు ఉంది. "నూరు రూపాయలకు కొత్తది వస్తది."

"పొద్దున లాకప్‌ల నేనూ గదే అడిగిన. ఏమన్నడో తెలుసా? 'తప్పు ఎంతనో తెలిసినంక అది తప్పు గాదు సార్, లెక్క' అన్నడు. టేపు చూపించిన అంకె గోడ మీద రాసుకుంటడు. కోసేటప్పుడు మనసుల ఒక అడుగు తీసేస్తడు. గిరాకీకి ఇచ్చే చీటీల తీసేసి రాస్తడు. ఏండ్ల సంది గదే పద్ధతి. వాని గోడ మీది అంకె వానికే తప్ప ఎవ్వరికీ పనికి రాదు."

చెబుతూనే పర్వతాలు లోపల ఎక్కడో ఆగాడు. ఇరవై రెండేళ్ల కిందట హాలియా దగ్గర అతను ఒక పొలం కొలిచాడు. సర్వే గొలుసులో ఒక కడియం సాగి ఉంది. ఆ సంగతి తెలిసేసరికి తప్పు హద్దు మీద గట్టు వేసేశారు. ఆ గట్టు తగాదాలో ఒక రైతు తల పగిలింది. తేడా వచ్చినప్పుడు కొలిచేవాడు తప్పును ముందు నేలలో వెతుకుతాడు, తర్వాత గొలుసులో వెతుకుతాడు, తనలో మాత్రం చిట్టచివరికి గాని వెతకడు. ఆ ఏడాదే అతను ఉద్యోగం వదిలేశాడు. తన గొలుసు ఎంత సాగిందో తెలియని తనకంటే, తన టేపు ఎంత తెగిందో తెలిసిన ఈ కుర్రవాడు నిజాయితీపరుడని ఉదయం లాకప్ కటకటాల ముందు అనిపించింది.

"సరే, తెగిన టేపు. ఆయినంక?" అన్నాడు రాజేందర్.

"ఆ మూలన సంచి ఉన్నది. మీరు సీజు చెయ్యలేదు."

"అది చెత్త."

"అవును. చెత్త అబద్ధం చెప్పదు."

పర్వతాలు ప్లాస్టిక్ సంచిని నేల మీద బోర్లించాడు. రెండు అట్ట గొట్టాలు, వాటి మీది లేబుళ్లు, జిగురు కాగితపు పొరలు, చారల వాల్‌పేపర్ ముక్కలు పడ్డాయి. ముక్కల్లో అయిదు చిన్నవి. వాటిని వరుసగా పేర్చి కొలిచాడు. ఒక్కొక్కటీ సరిగ్గా పన్నెండంగుళాలు. రెండు పొడవైనవి చుట్టచుట్టి ఉన్నాయి. విప్పి, ఒక కొస రాజేందర్ చేతికిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తటపటాయించి పట్టుకున్నాడు.

"చదవున్రి."

"పదడుగుల తొమ్మిది. రెండోది... గిదిగూడ పదడుగుల తొమ్మిదే."

"లేబుల్ మీద రోల్ పొడుగు పది మీటర్లు. అంటే ముప్ఫై రెండడుగుల తొమ్మిదంగుళాలు. సుమన్ కోస్తే ఎట్ల కోస్తడు? గోడ పదడుగులు, పైన రెండు, కింద రెండంగుళాలు ఎక్కువ. పదడుగుల నాలుగు. ఒక్క రోల్‌ల మూడు పట్టీలు దిగుతయి. అయిదు పట్టీలకు రెండు రోల్స్ చాలు. అందుకే రెండే తెచ్చిండు. షాపు బిల్లు నా దగ్గర ఉన్నది."

రాజేందర్ లేబుల్ తీసుకుని పొడుగు తానే చదువుకున్నాడు.

"ఇప్పుడు వేరేవాడు వచ్చిండు అనుకోండి. గోడ మీద పదకొండు అని చూసిండు. నమ్మిండు. పదకొండుకే కోసిండు. ఒక్క రోల్‌ల రెండే వచ్చినయి. మూడోదానికి మూడంగుళాలు తక్కువ. రెండో రోల్‌ల గూడ గంతే. నాలుగు పట్టీలైనయి, అయిదోది లేదు."

"ఒక్క పట్టీ అంటించి చూస్తే తెలుస్తుండె గదా, అడుగు ఎక్కువున్నదని?"

"తెలుస్తుండె. కానీ సుమన్ అన్ని పట్టీలూ ముందే కోసి, అంకెలేసి, అప్పుడు అంటిస్తడు. వాన్ని చూసి నేర్చుకున్నోడు గదే చేసిండు. ఆ మిగులు ముక్కనే గోడకు తొమ్మిదంగుళాలు ఎక్కువ. చేతిల సరిపోయే ముక్క పెట్టుకొని ఇంకో రోల్ కోసం వెతుక్కున్నడు." పర్వతాలు నేల మీద సుద్దముక్కతో రాశాడు. "గోడ మీద అయిదు పదులు యాభై. చిన్న ముక్కలు అయిదడుగులు. ఈ రెండూ కలిసి ఇరవై ఒక్క అడుగుల ఆరు. మొత్తం డెబ్బై ఆరడుగుల ఆరంగుళాలు. రెండు రోల్స్‌ల ఉండేది అరవై అయిదున్నర. ఈ గదిల సరిగ్గ పదకొండడుగుల కాయితం ఎక్కువున్నది సాబ్. అది మూడో రోల్‌ల కోసిన ఒక్క పట్టీ."

రాజేందర్ సుద్దగీతల మీద వంగి, పెదాలు కదిలిస్తూ, తానే ఇంకోసారి కూడాడు. ఆ కూడిక అయ్యాక అతని ముఖంలోంచి వెటకారం పోయింది. పోలీసు మిగిలాడు.

"గోడ ఖాళీగ ఉంటే సుమన్ పదకొండున్నరకు పోయినట్టే," అన్నాడు మెల్లగా. "నిండితే సాయంత్రం దాక ఉన్నట్టు. గోడను తెచ్చి వాని మీద సాక్షిగ నిలబెట్టిన్రు."

"మీరు నాకంటే మంచిగ చెప్పిన్రు."

"పొగడ్త వద్దు. మూడో రోల్ ఏడిది?"

"ఆ డిజైను ఈ చుట్టుపక్కల ఒక్కడే అమ్ముతడు. సూర్యాపేటల హీరాలాల్."

టైము రెండూ ఇరవై అయిదు. హీరాలాల్ రెండో రింగుకే ఎత్తాడు. అతను ఎప్పుడూ గల్లా దగ్గరే ఉంటాడు.

"బోలో పర్వతాలు భాయ్! బిల్లు పొద్దుగాలనే పంపిన గదా. రెండు రోల్స్, సుమన్ తీస్కపోయిండు."

"సోమవారం మళ్లా ఎవరన్న అదే డిజైను అడిగిన్రా?"

"హా, వసంత మేడమే! పన్నెండూ ఇరవై అయిదుకు మెసేజ్ పెట్టింది. ఇంకో రోల్ అర్జెంటు, బస్సుల ఎయ్యి అని. ఒంటిగంట బస్సుల ఏసిన. ఏమైంది? కాయితం ఖరాబున్నదా?"

"మాట్లాడిందా? గొంతు విన్నవా?"

"లే భాయ్. నేను చేస్తే ఎత్తలే. జర బిజీ, మెసేజే పెట్టు అని రాసింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫోను వసంతది. వేళ్లు వేరేవాళ్లవి. అప్పటికే ఆమె ఈ నేల మీద పడి ఉంది. నాలుగూ పది దాకా ఆ ఫోను ఆన్‌లో ఉన్నది కూడా ఆమె బతికి తిరుగుతోందని చూపించడానికే.

"కోదాడల పార్సిల్ ఎవడు తీసుకున్నడు?" అన్నాడు రాజేందర్, ఫోను మీదికి వంగి.

"డ్రైవర్ పేరు అడుగుతడు, ఇస్తడు సార్. పేరు వసంత అనే చెప్పిన్రట. గని నాది ఒక రూల్ ఉన్నది. ఒకసారి బస్సుల పార్సిల్ మాయమై పరేషాన్ అయిన. అప్పటిసంది ఎవ్వరైనా సరే, అందినంక ఫొటో పెట్టాలె. లేకుంటే మళ్లా బస్సుల ఏసేది లేదు. పెట్టిన్రు. పంపుత ఆగున్రి."

ఫొటో వచ్చింది. సోమవారం, ఒంటిగంటా యాభై ఎనిమిది. ప్లాస్టిక్ కవరులో చారల రోల్, లేబుల్ పైకి కనిపించేలా పెట్టారు. మనిషి లేదు. చెయ్యి కూడా లేదు. జాగ్రత్తగా తీసిన ఫొటో.

రోల్ కింద స్కూటీ సీటు ఉంది. సీటు మీద గులాబీ, ఆకుపచ్చ, పసుపు. మూడు మూలల బ్లౌజు ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి, ఓపికగా కుట్టినవి.

పర్వతాలు ఆ సీటు కవరును వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

హుజూర్‌నగర్‌లో కార్డులు పంచుతున్నానన్న మనిషి ఆ సమయానికి ఇదే ఊరి బస్టాండులో ఉంది. రెండు రోజులు పక్కన నిలబడి పని నేర్చుకుంది. బోర్డు మీద పేరు పోగొట్టుకుంది. ఏదీ పారెయ్యబుద్ధి కాదంది. మూడో రోల్‌లో మిగిలిన ఇరవై ఒక్క అడుగులూ ఆమె ఇంట్లోనే ఉంటాయి. బస్టాండు తప్ప మిగిలినవన్నీ ఆమె నోటితోనే చెప్పింది. ఒక్కటి కూడా అతను కొలవలేదు. కాపాడిన మనిషి కొట్టదు అన్న అంకె దగ్గర తన టేపు మొదలైంది. దాని ముందున్న అడుగు ఎప్పుడో తెగిపోయింది. కోసినవాడు, నేర్చుకున్నవాడు అంటూ ఇంతసేపూ మగవాణ్ణే ఊహించి మాట్లాడింది తనే. పైగా, సాయంత్రానికి వసంత పేరు చెబుతుందని ఆమె చెవిలో వేసిందీ తనే.

"సాబ్, దవాఖానల కాపలా ఎవరు?"

రాజేందర్ జేబులోంచి ఫోను తీశాడు. "నిందితుడు దొరికినంక కాపలా ఎందుకని... రాత్రే తీసేసిన."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే దవాఖాన నంబరు నొక్కుతున్నాడు. బిజీ. సూర్యాపేట స్టేషన్‌కు చేశాడు. కానిస్టేబుల్ బయల్దేరుతున్నాడు, చేరడానికి పది నిమిషాలు. జీపు కోసం అరుస్తూ మెట్లు దిగాడు. ఎంత వేగంగా పోయినా సూర్యాపేట నలభై నిమిషాలు. సరిత వెళ్లి యాభై అయిదు నిమిషాలైంది.

పర్వతాలుకు అక్కడ ఉన్న ఒక మనిషి గుర్తొచ్చింది. దవాఖాన వాళ్లు లోపలికి రానివ్వకపోయినా నిన్న సాయంత్రం నుంచి బయట మెట్ల మీద నుంచి కదలని మనిషి. వసంత కళ్లు తెరిస్తేనే తన కొడుకు బయటికి వస్తాడని నమ్మి కూర్చున్న మనిషి. ఆమె నంబరు నొక్కాడు.

"సారూ?" జమ్లీ గొంతు. "మా పిలగాన్ని ఇడుస్తున్రా?"

"ఇడుస్తరు జమ్లక్కా. ముందు చెప్పు, సరిత వచ్చిందా?"

"ఇప్పుడే పైకి వాయె. ముసలమ్మను కిందికి పంపింది, అన్నం తినిరా పో అని."

"అక్కా, లే. వసంత గదిలకు పో. ఎవ్వరు ఆపినా ఆగకు. ఫోను కట్ చెయ్యకు. నీ కొడుకు పానం ఆ గదిల ఉన్నది."

ఆమె ఎందుకని అడగలేదు. చేతి నిండా ఉన్న గాజులు ఒక్కసారిగా మోగాయి. "ఏయ్ అమ్మా, ఎటు పోతున్నవ్? చెప్పితే అర్థం కాదా?" అని ఒక మగ గొంతు అరిచింది. "జరుగు బిడ్డా," అన్న జమ్లీ మాట, ఏదో కింద పడిన చప్పుడు, మెట్లు, ఆయాసం. పర్వతాలు ఆ మెట్లను లెక్కపెట్టాడు. ఇంకేమీ చేయలేని మనిషి లెక్కపెడతాడు. పద్నాలుగు. మలుపు. మళ్లీ పద్నాలుగు.

గాజులు ఆగాయి. తలుపు కిర్రుమంది.

తర్వాత జమ్లీ గొంతు వినిపించింది. అది ఫోనులోకి మాట్లాడుతున్నది కాదు. గట్టిగా కూడా లేదు. గోడ మీద చెయ్యి ఆనించి, పొడి అంటుతుందో లేదో చూసేవాళ్లంత నిదానంగా ఉంది.

"గా ముక్కు మీది పైపు ఎందుకు తీస్తున్నవ్ సరితమ్మా?"